పాత కెమెరా, కొత్త స్క్రీను... మధ్యలో గోదారి!

గోదారి జిల్లాల్లో బండి ముందుకి నడపడం ఎవరికైనా వచ్చేస్తుంది. అసలు పరీక్ష వెనక్కి తియ్యడమే. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుణ్యమా అని డెల్టా నిండా కాలువలొచ్చాయి. చాలా ఊళ్లకి ఆ కాలువ గట్లే దారులు. ఒకపక్క నిండుగా పారే నీళ్లు, ఇంకోపక్క పల్లంలో వరిచేను. ఎదురుగా కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరొచ్చిందనుకోండి... ఇద్దరిలో ఒకరు రివర్స్ చెయ్యాల్సిందే.

అలాంటి దారుల్లో మా బాబాయ్ తిప్పేది మామూలు వ్యాను కాదు, చిన్న సైజు కారవాన్. షూటింగుల దగ్గర హీరోలు కూర్చుంటారే, ఆ టైపు. సెకండ్ హ్యాండ్‌లో కొని, కుటుంబాలకి అంతర్వేది, ద్రాక్షారామం ట్రిప్పులకి అద్దెకిస్తాడు. వెనక అద్దం లేదు, అంతా గోడే. మొన్నటిదాకా క్లీనర్ కుర్రాడు దిగి, బాడీ మీద చేత్తో కొడుతూ "రానీ రానీ... హోల్డాన్!" అని అరిచేవాడు. అతనిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. మిగిలింది వెనకున్న పాత కెమెరా ఒక్కటే. దాని స్క్రీనేమో చచ్చిపోయింది.

"కొత్త స్క్రీను కొన్నానురా. రాజమండ్రిలో పెట్టించేసి, నరసాపురం దాకా ఓ ట్రయలేసొద్దాం, వస్తావా?" అన్నాడు. మర్నాడే ఇద్దరు చిన్నపిల్లలున్న కుటుంబానికి ట్రిప్పు ఒప్పుకున్నాడు మరి. ఎగిరి గంతేసి ఎక్కేశా.

బొమ్మ ఎందుకు రాదు?

రాజమండ్రిలో మాకు దొరికిన ఆటో ఎలక్ట్రీషియన్ ముందు ప్లగ్గు చూసి నవ్వాడు. పాత కెమెరా వైరు చివర నట్టులా తిప్పి బిగించే గుండ్రటి నాలుగు పిన్నుల ప్లగ్గు. కొత్త స్క్రీనుకేమో పసుపుపచ్చ ఆర్‌సీఏ పిన్ను... ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్‌కి ఉండేదే. "దీనికి కన్వర్టర్ పిన్ను దొరుకుద్దండి. కానీ అన్ని కంపెనీలూ పిన్నులు ఒకే వరసలో పెట్టవు. చూడకుండా పెడితే కెమెరా పోద్దండి" అంటూ మల్టీమీటర్ తీశాడు. ఆ నాలుగింటిలో పవర్ ఏది, ఎర్త్ ఏది, వీడియో ఏది అని తేల్చాకే చెయ్యి వేశాడు. నాలుగోది ఆడియో అట.

కలిపాడు. స్క్రీను నల్లగా ఉంది. "నో సిగ్నల్" అంది.

"పోయిందేమో, కొత్త కెమెరా కొనేద్దామా?" అన్నాడు బాబాయ్.

"కంగారుపడకండి. భాష కలవలేదంతే."

నిజంగా భాష గొడవే. పాత కెమెరాలు పంపేది సీవీబీఎస్ అనే పాతకాలం అనలాగ్ సిగ్నల్. కొత్త స్క్రీన్లు చాలావరకు ఏహెచ్‌డీ సిగ్నల్ కోసం ఎదురుచూస్తాయి. కొన్నిటికి రెండూ వచ్చు, కానీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే చెప్పాలి. సీవీబీఎస్ అసలు రాని స్క్రీనైతే పిన్ను ఎంత బాగా కుదిరినా బొమ్మ రాదు. కొనేముందే అడగాలన్నమాట.

సెట్టింగ్ మార్చగానే బొమ్మ వచ్చింది... నలుపు తెలుపులో, కిందకీ పైకీ దొర్లుతూ! ఇంకో తేడా. మన టీవీలు వాడిన పాల్ పద్ధతిలో 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికా వాడిన ఎన్‌టీఎస్‌సీలో 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. మా కెమెరా రెండో రకం. అదీ మార్చాక రంగులు తేలాయి. స్క్రీను ట్రిగ్గర్ వైరుని రివర్స్ లైటు వైరుకి కలిపాడు. ఇక గేరు వెనక్కి వేస్తే చాలు, బొమ్మ దానంతటదే వస్తుంది.

మాది 12 వోల్టుల బండి కాబట్టి సరిపోయింది. 24 వోల్టుల లారీల్లో 12 వోల్టుల కెమెరాని నేరుగా కలిపితే కాలిపోతుందని కూడా చెప్పాడు.

కుడి ఎడమైతే...

డబ్బులివ్వబోతుంటే, "ఆగండి, అసలుది చూడలేదు" అని నన్ను బండి వెనక ఎడమ మూలన నిలబడమన్నాడు. చెయ్యెత్తాను. లోపల్నించి బాబాయ్ కేక: "ఒరేయ్, కుడిపక్కన కనిపిస్తున్నావేంట్రా!"

వెనక పెట్టే కెమెరాలు అద్దంలోలాగా బొమ్మని తిప్పి పంపుతాయి. అప్పుడే ఎడమపక్కనున్నది స్క్రీన్లోనూ ఎడమపక్కే కనిపిస్తుంది. మా స్క్రీను ఆ తిప్పిన బొమ్మని మళ్లీ తిప్పేసింది. మాల్‌లో పార్కింగ్ అయితే బంపరుకి సొట్టతో పోతుంది. కాలువ గట్టు మీదైతే? కాలువకి దూరంగా తిప్పుతున్నాననుకుంటూ కాలువలోకే తిప్పుతాం! మిర్రర్ సెట్టింగ్ ఆపాక నేను మళ్లీ ఎడమపక్కకొచ్చాను.

పిల్లల సంగతి ఇంకా పెద్దది. 2002లో అమెరికాలో ఒక తండ్రి ఇంటిముందు కారు వెనక్కి తీస్తుంటే, కనపడక రెండేళ్ల కొడుకు చక్రం కింద పడి చనిపోయాడు. ఆ బాబు కామెరాన్ గల్‌బ్రాన్‌సెన్ పేరుతోనే చట్టమొచ్చింది. దాని ఫలితంగా 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. మన దగ్గర 2019 జులై నుంచి కొత్త కార్లకి వెనక సెన్సర్లు ఉండాలన్నారు. పాత బండ్లకి మాత్రం మన జాగ్రత్తే చట్టం.

రేవులో అసలు ట్రయల్

కడియం నర్సరీలు చూసుకుంటూ, జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి, పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు మీదుగా నరసాపురం చేరాం. మాధవాయిపాలెం రేవులో సఖినేటిపల్లి వెళ్లే పంటు సిద్ధంగా ఉంది. బైకులు, ఆటోలు, కార్లు, జనం... అన్నీ దాని మీదే. "రివర్స్‌లో ఎక్కించెయ్యండి బాబాయ్‌గారూ" అన్నాడు పంటు కుర్రాడు.

గేరు పడింది. బొమ్మ వచ్చింది. పంటు అంచు, రెండుపక్కలా గోదారి నీళ్లు, మూలన బుట్ట పట్టుకుని కూర్చున్న ఒక మామ్మగారు... అన్నీ ఉన్నచోటే కనిపిస్తున్నాయి. బాబాయ్ మాత్రం వెంటనే కదల్లేదు.

"నువ్వు దిగరా. కెమెరాకి కింద చక్రం దగ్గర కనపడదు."

దిగి, బాడీ మీద కొడుతూ "రానీ రానీ" అన్నాను. స్క్రీను చూపించింది, నేను చెప్పాను, బండి మెల్లిగా ఎక్కింది.

మీ ఇంట్లోనూ పాత కెమెరా ఉంటే పారెయ్యకండి. పిన్ను, సిగ్నల్, వోల్టు... ఈ మూడూ కుదిరితే ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. అన్నీ అయ్యాక మాత్రం ఒక మనిషిని వెనక ఎడమపక్కన నిలబెట్టి చెయ్యెత్తమనండి. బొమ్మ రావడం ఒక ఎత్తు, అది నిజం చెప్పడం ఇంకో ఎత్తు!