ప్రత్యర్థి పడకచెంత

2024వ సంవత్సరమున అమెరికాలో అధ్యక్షుని యెన్నికలు జరుగునపుడు నేను మా అమ్మాయి యింట నుంటిని. పొరుగింటి వృద్ధురాలు మా అల్లునికి గిట్టని అభ్యర్థి పేరుగల పలకను తన వాకిట నాటెను. నాటినుండి రెండిండ్లకును మాటలు లేవు. పిమ్మట ఆమె జబ్బుపడెనని వినియు, చూడబోవుటకు నేను జంకితిని.

అపుడు షర్లీ చిజమ్ గారి చరిత్రము చదివితిని. 1968లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ యామెయే. 1972లో డెమోక్రాటిక్ పక్షము తరఫున అధ్యక్షపదవికి నిలువగోరి పోటీచేసెను. అదే పక్షమున ఆమెకు ప్రత్యర్థి జార్జి వాలెసు. 1963లో నల్లజాతి విద్యార్థులు చేరరాదని విశ్వవిద్యాలయ ద్వారమున నడ్డము నిలిచినవాడు. 1972 మే 15వ తేదీని ఒకడు వాలెసును తుపాకితో కాల్చగా, చిజమ్ ఆసుపత్రికేగి పరామర్శించెను. తనవారే యామెను నిందించిరి. అభ్యర్థిత్వమును ఆమెకు దక్కలేదు. కాని 1974లో, ఇండ్లలో పనిచేయు స్త్రీలకు కనీస వేతనము కల్పించు శాసనమునకు దక్షిణాది సభ్యుల మద్దతు కూర్చుటలో ఆ వాలెసే ఆమెకు తోడ్పడెను.

ఆ సాయంకాలమే మిరియాల చారు కాచుకొని పొరుగింటి తలుపు తట్టితిని. వాకిట పలక యట్లే యున్నది. మా యభిప్రాయములును మారలేదు. మాటలు మాత్రము మరల మొదలైనవి.