అనుమతి – సమ్మతి

ఒకే ధాతువుకు ఉపసర్గ మారితే అర్థం ఎంత దూరం జరుగుతుందో పిల్లలకు చెప్పడం మా తెలుగు పండితులకు ఎప్పుడూ ఇష్టమైన పని. అనుమతి, సమ్మతి అన్న రెండు మాటలనే తీసుకోండి. రెండింటికీ మూలం ‘మన్’ ధాతువు. తలచుట, ఎఱుగుట దాని అర్థం. ఐనా ఇవి ఒకటి కావు. అనుమతి పైనున్నవారు క్రిందనున్నవారికి ఇచ్చేది. సెలవు చీటీ మీద ప్రధానోపాధ్యాయుడు వ్రాసేది అనుమతి. సమ్మతి అటువంటిది కాదు. ఇరువురి మతి ఒకచోట కలిస్తేనే అది సమ్మతి అవుతుంది. ఒకరికి సర్వం తెలిసి, రెండవవారికి ఏమీ తెలియక జరిగిన ఒప్పందానికి ఆ పేరు చెల్లదు.

ఈ వ్యాకరణ పాఠం ఇప్పుడెందుకని మిత్రులు అడగవచ్చు. మనుషుల మీద, మనుషుల గురించి జరిగే పరిశోధనలలో మొట్టమొదట చేతికి వచ్చే కాగితం పేరు సమ్మతి పత్రం. మన ప్రాంతంలో ఆ కాగితం కథ చదివినకొద్దీ నాకు తోచిందేమిటంటే, జరిగిన అన్యాయాలలో చాలా భాగం అనుమతిని సమ్మతిగా చలామణీ చేయడం వల్ల జరిగినవే.

మాకు పొరుగునే ఉన్న ఖమ్మం జిల్లాలో 2009 జూలైలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా అది. ‘పాత్’ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. వారిలో అనేకులు వసతి గృహాలలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. ఇటువంటిదే మరొకటి గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా ఆ క్యాన్సరు నుండి రక్షణ ఇస్తుందన్నది నేడు లోకమంతా అంగీకరించిన సంగతి. కనుక నా అభ్యంతరం మందు మీద కాదు, కాగితం మీద. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో ఆ కాగితాల లెక్క ఉంది. మన రాష్ట్రంలో పరిశీలనకు వచ్చిన 9,543 పత్రాలలో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసినవారు వసతి గృహాల వార్డెన్లు.

ఉపాధ్యాయ వృత్తిలో జీవితం గడిపినవాడిని కనుక ఈ రెండవ సంఖ్య దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ వార్డెన్లందరూ దుర్మార్గులని నేను అనుకోను. పైనుండి ఆదేశం వచ్చి ఉంటుంది. ఆరోగ్య శాఖవారు వాహనంతో వాకిట నిలిచి ఉంటారు. ఊళ్ళు దూరం, కూలికి వెళ్ళిన తల్లిదండ్రులు ఆ పూట దొరకరు. పిల్లలకు మేలు జరిగే పనే కదా అని కలం తీసి ఉంటారు. విహారయాత్రకు, క్రీడల పోటీలకు, ఉపకార వేతనాల దరఖాస్తులకు మేము చేసిన సంతకాలు కూడా ఇటువంటివే కదా! కాని బడిలోకి రావడానికి మనం ఇచ్చేది అనుమతి. పిల్ల దండలోకి సూది దిగడానికి కావలసింది సమ్మతి. మొదటిది మన చేతిలో ఉంది. రెండవది తల్లిదండ్రులది, కొంత ఆ పిల్లది కూడా. 2017లో వెలువడిన వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్ళు దాటిన బాలబాలికలకు తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు; వారి వయసుకు తగిన మాటలలో చెప్పి వారి ఒప్పుదల కూడా తీసుకోవాలి.

మిర్యాలగూడ దాటి వాడపల్లి వద్ద కృష్ణ అవతలికి వెళితే పల్నాడు. అక్కడి పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. 2011లో ఆ ఊరి పేద స్త్రీలు కొందరిని డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకువెళ్ళి, క్యాన్సరు మందును వారిపై పరీక్షించారన్న సంగతి పత్రికల కెక్కింది. తరువాత ఒంటినొప్పులతో బాధపడుతున్నామని వారు చెప్పుకున్నారు. కేంద్ర ఔషధ నియంత్రణాధికారులు తనిఖీ జరిపి, పరీక్ష చేసిన సంస్థ అనుమతిని కొంతకాలం నిలిపివేశారు. ఖమ్మంలో వార్డెను సంతకం ఉంది, తల్లిదండ్రుల ఎఱుక లేదు. ఇక్కడ సంతకం వారిదే కావచ్చు, కాని ఆ వేలు పట్టి పెట్టించింది ఇంట్లోని అవసరం. ‘మౌనం అర్ధాంగీకారం’ అని లోకోక్తి. పేదవాడి మౌనంలో అర్ధం కాదు, పావు వంతు అంగీకారం కూడా ఉండకపోవచ్చు.

ఇదంతా పెద్ద పెద్ద మందుల సంస్థల సంగతి, మనకెందుకు అనుకోవడానికి లేదు. నా పూర్వ విద్యార్థిని ఒకామె మిర్యాలగూడ బియ్యం మిల్లుల హమాలీలకు ఊక దుమ్ము వల్ల కలిగే శ్వాసకోశ బాధలపై పరిశోధన చేస్తున్నది. సమ్మతి పత్రంలోని తెలుగు సరిచూడమని నా వద్దకు తెచ్చింది. “పాల్గొనుట స్వచ్ఛందము. ఎట్టి ప్రతికూల పరిణామములు లేకుండ ఏ దశయందైనను ఉపసంహరించుకొనవచ్చును” అని ఉంది. నాకు చక్కగా అర్థమైంది. అదే దాని దోషం! అది నాబోటి పండితుని కోసం వ్రాసింది కాదు కదా. “మీకు ఇష్టమైతేనే చెప్పండి. వద్దనుకుంటే నడుమ ఆపేయవచ్చు. మీ పనికి ఏ ఇబ్బందీ రాదు” అని మార్చి ఇచ్చాను. మార్చిన తరువాత ఇద్దరికీ ఒక అనుమానం వచ్చింది. పనికి ఇబ్బంది రాదని మాట ఇవ్వడానికి ఆమె ఎవరు? మిల్లు ఆమెది కాదు. ఆమె ఇవ్వగలిగిన మాట ఒక్కటే, యజమానికి ఏమీ చెప్పనని. ఆ మాట నిలవాలంటే మిల్లు ఆవరణలో, గుమాస్తా ఎదుట ప్రశ్నలు అడగకూడదు. సాయంకాలం వారి ఇళ్ళకే వెళ్ళాలి. మాటలు తేటపడితే దాగిన చిక్కు బయటపడుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

పోల్చి చూడడానికి ఆమె కోదాడ వైపు ఒక పల్లెలో వ్యవసాయ కూలీలను కూడా ఎంచుకున్నది. నేను కొన్నేళ్ళు పనిచేసిన ఊరు. “మీరు ఒక్కసారి వచ్చి నిలబడితే చాలు సార్, అందరూ సంతకం పెడతారు” అన్నది. “అందుకే రానమ్మా!” అన్నాను. ఆమె చిన్నబుచ్చుకున్నది. ఆ ఊరివారు నన్ను చూస్తే “సారు చెప్పిండు గదా, పెడ్తం” అంటారు. అది నా మీద వారికున్న గౌరవం. పరిశోధనకు వారిచ్చిన సమ్మతి కాదు. గౌరవాన్ని అప్పు తెచ్చి సమ్మతి కొనడం తగదని చెప్పి పంపాను. చదవలేనివారి వద్ద వేలిముద్ర తీసుకునేటప్పుడు ఏ పక్షానికీ చెందని సాక్షి ఉండాలని నియమం ఉన్నది. పాత పంతులు నిష్పక్షపాత సాక్షి ఎలా అవుతాడు?

ఇక రెండవ మాట గోప్యత. గోప్యమంటే దాచవలసినదని మనం అనుకుంటాము. దాని మూలమైన ‘గుప్’ ధాతువుకు ప్రధానార్థం రక్షించుట. గోప్త అంటే రక్షకుడు. ఎదుటివాడు నమ్మి చెప్పిన సంగతిని కాపాడడమే గోప్యత.

నల్లగొండ ఫ్లోరైడు కథ వైద్యలోకానికి పాతదే. 1955లోనే ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్ధిఖీ వ్రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ తరువాత మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలకు ఎందరో వచ్చారు, కొలిచారు, ఛాయాచిత్రాలు తీశారు. వంగిన నడుములను లోకం చూడబట్టే నీళ్ళ కోసం పోరాటానికి బలం వచ్చిందన్నది నిజం. తమ బాధను తామే ముందుకు వచ్చి చూపిన ధీరులకు నమస్కారం. ఐతే తాను చూపడం వేరు, తనను చూపించడం వేరు. ఒక పసివాడి వంకర కాళ్ళ బొమ్మ క్రింద ఊరి పేరుతో సహా అచ్చు వేసేవారు, వాడు పెద్దవాడై పెళ్ళి సంబంధానికి కూర్చున్న నాడు ఆ బొమ్మ ఏమి చేస్తుందో తలచాలి.

పేరు తీసేస్తే చాలదా అంటారు. పట్నంలో చాలునేమో! “ఫలానా మండలంలో 54 ఏళ్ళ అంగన్‌వాడీ ఆయా, కవలల తల్లి, భర్త లేదు” అని వ్రాస్తే, పేరు లేకపోయినా ఆ ఊరి బస్టాండులో ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు. పల్లెలో వయసు, వృత్తి, సంతానం కలిస్తే అదే పేరు.

జనాభా లెక్కలకు వెళ్ళిన ఉపాధ్యాయులకు ఈ సంగతి అనుభవమే. 2011లో సూర్యాపేట వీధులలో నేను పత్రాలు పట్టుకుని తిరుగుతుంటే ఒక ముసలమ్మ, “ఇవన్ని ఎవ్వలకు చెప్తవు సారూ?” అని అడిగింది. ఎవరికీ చెప్పనని అన్నాను. అది నా మంచితనం కాదు, 1948 నాటి జనగణన చట్టం. ఆ పత్రాలను చూసే హక్కు ఎవరికీ లేదు. సివిల్ వ్యాజ్యాలలో అవి సాక్ష్యంగా చెల్లవు. వెల్లడించిన గణకునికి శిక్ష ఉన్నది. ఆ భరోసాతోనే ఆమె తన ఇంటి సంగతులు చెప్పింది.

ఆంతరంగికత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమూ వచ్చింది. ఆ చట్టం పరిశోధనలకు, గణాంకాలకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. అవసరమైన మినహాయింపే కావచ్చు. కాని చట్టం చేయి వదిలిన చోట మనస్సాక్షి పట్టుకోవాలి.

1964 నాటి హెల్సింకీ ప్రకటనను 2024లో సవరించినప్పుడు దాని శీర్షికలో పరిశోధనకు లోనయ్యేవారు అన్న అర్థమిచ్చే పదం తీసి, పాలుపంచుకునేవారు అన్న పదం పెట్టారు. ఒక్క మాట మార్చడానికి అరవై ఏళ్ళు పట్టింది. నావంటివారికి అది చిన్న మార్పు కాదు. పాలు పంచుకునేవాడికి ప్రశ్నించే హక్కుంటుంది: ఎందుకు అడుగుతున్నారు, ఎవరికి చూపుతారు, వద్దంటే ఏమవుతుంది, ఫలితం మాకు చెబుతారా అని.

ఇప్పటికీ బడులలో పనిచేస్తున్న సోదర ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఏ సంస్థవారైనా పిల్లల పేర్ల జాబితాతో, సంతకానికి ఖాళీ గడితో మీ ముందుకు వస్తే, ఆ గడి ఎవరిదో ముందు చూడండి. మీదైతే సంతకం పెట్టండి. తల్లిదండ్రులదైతే కలం మూసి, ఆదివారం వారిని పిలిపించండి. పని వారం రోజులు ఆలస్యమవుతుంది, అంతే.

మీ మీ ఊళ్ళలో ఇటువంటి కాగితాలు మీ చేతికి వచ్చి ఉంటే, వాటిలోని తెలుగు ఎలా ఉన్నదో వ్రాయండి. ఆ మాటల జాబితా ఒకటి తయారుచేయాలని ఉన్నది.