ఏదుపంది వెళ్ళిపోయాక తీసిన ఫొటో

మా హాస్టల్ వెనక ఎకరం పైచిలుకు బండలూ పొదలూ ఉన్నాయి. గోడ అవతల ఐటీ కంపెనీల అద్దాల మేడలు. ఆ స్థలం చదును చేసి పార్కింగ్ కడతారని పోయిన సెమిస్టర్‌లో తెలిసింది. "అక్కడేముంది, ముళ్ళకంపే కదా" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నా. నైట్ డ్యూటీ వాచ్‌మన్ అన్న మాత్రం "రాత్రిపూట ఏదో తిరుగుతది తమ్మీ. పిల్లి గాదు, కుక్క గాదు" అన్నాడు.

2025 మార్చి చివర్లో మనకి దగ్గర్లోనే కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అక్కడ జింకలు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయని చూపించడానికి ఫొటోలున్నాయి. మా ఎకరానికి? వాచ్‌మన్ అన్న మాట ఒక్కటే.

అందుకే నలుగురం తొమ్మిది వేలు పోగేసి ట్రైల్ కెమెరా కొన్నాం. డబ్బా మీద 48 మెగాపిక్సెల్ అని చూసి పడిపోయాం. వారం తర్వాత కార్డు తీస్తే మూడొందల పైన ఫొటోలు. అన్నిట్లో ఊగుతున్న గడ్డే! ఒక్కదాంట్లో మాత్రం, రాత్రి రెండు దాటాక, ఫ్రేము అంచున నలుపూ తెలుపూ ముళ్ళ కట్ట. ఏదుపంది వెనక భాగం. మా క్లాసువాడు చూసి "చీపురు కదరా" అన్నాడు.

తప్పు మాదే. పీఐఆర్ సెన్సర్ ల్యాబ్‌లో మార్కులొచ్చాయి గానీ, కొనేటప్పుడు ఆ పాఠం గుర్తురాలేదు. ఆ సెన్సర్ పట్టేది కదిలే వేడిని. ఎండకి కాగిన గడ్డి ఊగినా క్లిక్కుమంటుంది. మే నెలలో బండ వేడి, జంతువు ఒంటి వేడి దగ్గర దగ్గరగా ఉంటే అసలు పలకదు. తాబేలుకైతే టైమ్‌లాప్స్ పెట్టుకోవాల్సిందే. డబ్బా మీది మెగాపిక్సెల్స్ చాలావరకు సాఫ్ట్‌వేర్ సాగదీసినవే. చూడాల్సింది ట్రిగర్ స్పీడ్. అర సెకనులోపు ఉండాలి. రాత్రికి 850 నానోమీటర్ల లైటు కాస్త దూరం చూపిస్తుంది గానీ ఎర్రగా మెరుస్తుంది. 940 మెరవదు, దూరం తగ్గుతుంది. మనుషులు తిరిగే మాలాంటి చోట 940 మేలు, లేకపోతే కెమెరానే మాయం.

మొదటిది నష్టానికి అమ్మి, ఇంకో మూడు వేలు కలిపి, తక్కువ మెగాపిక్సెల్స్ ఉన్నదే కొన్నాం. కాలేజీ పర్మిషన్ తీసుకుని, గడ్డి కోసి, మోకాలెత్తున, ఉత్తరం వైపు తిప్పి కట్టాం. గోడ దూకే సీనియర్లు కూడా పడ్డారు. వాళ్ళవి అప్పుడే డిలీట్ చేశాం.

పదకొండో రోజు పడింది. తల్లి ఏదుపంది, వెనకే పిల్ల. రెండూ పూర్తిగా ఫ్రేములో.

ప్రింటు తీసి ఆఫీసులో ఇచ్చాం. "చూద్దాం" అన్నారు. పార్కింగ్ ఆగుతుందో లేదో ఇంకా తెలీదు. ఇంకో ప్రింటు వాచ్‌మన్ అన్నకిచ్చాం. చాలాసేపు చూసి, "నేను జెప్పలే?" అని, తన గదిలో క్యాలెండర్ పక్కన అంటించుకున్నాడు.