సీటు కింద కుంపటి

మిన్నెసోటాలో కారు కొనేటప్పుడు ధర, మైలేజీ అడిగాక మూడో ప్రశ్న "సీట్లు వేడెక్కుతాయా?" అనే. నవ్వకండి. జనవరిలో పొద్దున్నే సున్నాకి 25 డిగ్రీలు కిందికి పోయిన రోజున, రాత్రంతా బయట ఉన్న కారులో కూర్చుంటే మంచుగడ్డ మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఇంజన్ వేడెక్కి లోపలికి వెచ్చటి గాలి రావడానికి పది నిమిషాలు పడుతుంది. సీటు మాత్రం బటన్ నొక్కిన రెండు నిమిషాల్లో వెచ్చబడుతుంది. 1966లో కాడిలాక్ కార్లలో డబ్బున్నవాళ్ల ముచ్చటగా వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు మామూలు కార్లలోనూ ఉంది. హైదరాబాదులో ఉండే మా తమ్ముడికి ఇదో పెద్ద జోకు. అక్కడ సీటులోంచి చల్లగాలి వచ్చే కార్లకి గిరాకీ మరి.

పోయిన చలికాలం అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. మొదటిసారి ముందు సీటులో కూర్చోగానే అమ్మ, "బాలింత మంచం కింద కుంపటి పెట్టినట్టుందే" అని మురిసిపోయింది. ఆ తర్వాత ఆ సీటు నాన్నకే ఇచ్చేశాం. ఆయనకి నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. నడక చాలావరకు తిరిగొచ్చింది గానీ ఎడమవైపు స్పర్శ మాత్రం సరిగా రాలేదు. చెప్పు జారిపోయినా ఆయనకి తెలియదు, వెనకాల నడిచే అమ్మ చూసి చెప్పాలి. దానికితోడు పదిహేనేళ్ల నుంచీ షుగరు.

ఒక ఆదివారం మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్లొచ్చాం. మంచు కురుస్తుండటంతో రానూ పోనూ దాదాపు రెండు గంటలు కారులోనే ఉన్నాం. రాత్రి నాన్నకి పంచె మారుస్తూ అమ్మ కేకేసింది. ఎడమ తొడ వెనక అరచేయంత మేర ఎర్రగా కమిలి, మధ్యలో రెండు బొబ్బలు. "నొప్పిగా ఉందా నాన్నా?" అంటే, "నాకేం తెలీలేదు తల్లీ. వెచ్చగా హాయిగానే ఉంది" అన్నారు.

డ్యూటీ డాక్టరు చూసిన వెంటనే అడిగింది, కారు సీటా, కరెంటు దుప్పటా అని. రెండో స్థాయి కాలిన గాయం అంది. తొడలోతు నీళ్లు కాగితేనే కాలుతుందనుకుంటాం గానీ, 44 డిగ్రీల వేడి కూడా అదే చోట ఆరు గంటలు తగిలితే చర్మం కాలుతుందట. వేడి పెరిగేకొద్దీ ఆ సమయం గంటల నుంచి నిమిషాలకి దిగిపోతుంది. స్పర్శ ఉన్నవాళ్లం మనకి తెలియకుండానే పక్కకి జరుగుతాం. నాన్న జరగలేదు. షుగరువాళ్లు కాళ్లకి వేణ్ణీళ్ల సంచీ పెట్టుకోవద్దని మన డాక్టర్లు మొత్తుకునేది ఇందుకే.

కారు కొని రెండేళ్లే. మూడేళ్లు లేదా 36,000 మైళ్ల వారంటీ ఇంకా ఉంది. డీలరు దగ్గరికి తీసుకెళ్తే గంటన్నర కూర్చోబెట్టి, "పరీక్షించాం, సీటు బాగానే ఉంది" అని కాగితం చేతిలో పెట్టారు. ఎలా పరీక్షించారంటే, బటన్ నొక్కి చేయి పెట్టి చూశారట! రెండోసారి వెళ్తే ఒక కుర్రాడు ఐదు నిమిషాలు కూర్చుని లేచి, "నాకేం తేడా అనిపించలేదు మేడమ్" అన్నాడు. అనిపించే ఒళ్లు అతనిది. అనిపించని ఒళ్లు కోసం కదా నేను వెళ్లింది.

ఇంటికొచ్చాక మా ఆయన పెనం వేడి చూసే థర్మామీటరు తుపాకీ తీశారు. సీటు మీద బియ్యం బస్తా పెట్టి, బటన్ ఎక్కువలో ఉంచి, ఇరవై నిమిషాలయ్యాక బస్తా ఎత్తి చూశాం. సీటంతా 38, 39 డిగ్రీలు. ఎడమ అంచు దగ్గర ఒక్కచోట 53. బస్తా లేకుండా చూస్తే అక్కడా 40 దాటలేదు. అంటే బరువు పడితేనే బయటపడే జబ్బు. దాన్ని ఫోనులో వీడియో తీశాం.

మూడోసారి ఆ వీడియో చూపించి, పెద్ద మెకానిక్ వచ్చేదాకా కదలనన్నాను. ఆయన పాపం మంచివాడు, విప్పి మరీ చూపించాడు. సీటు బట్ట కింద పల్చటి మెత్త, అందులో సన్నటి వేడి తీగలు. ఎక్కడో మడతపడి కొన్ని పోగులు తెగాయి. ఆ కరెంటంతా మిగిలిన పోగుల్లోంచే పోవాలి కాబట్టి అక్కడ వేడి మితిమీరింది. మరి వేడిని కనిపెట్టే సెన్సరేం చేస్తున్నట్టు? అది సీటు మధ్యలో ఉంది. తన చుట్టూ వేడి సరిగానే ఉంది కాబట్టి తీగలకి ఇంకా కరెంటు పంపమనే చెబుతోంది. విప్పిన మెత్త మీద ఆ చోట గోధుమరంగు మరక కనిపించింది. కాగితం మీద "లోపం ధృవీకరించబడింది" అని రాయించుకునే వచ్చాను.

మెత్త వారంటీలోనే మార్చారు. దీన్ని యూట్యూబు చూసి ఇంట్లో విప్పేద్దామనుకునేవాళ్లు ఆగండి. చాలా కార్లలో ఆ సీటులోనే పక్క ఎయిర్‌బ్యాగు ఉంటుంది. కూర్చున్నది పెద్దవాళ్లా పిల్లలా అని బరువు చూసే సెన్సరూ అక్కడే ఉంటుంది, మెత్త మార్చాక దాన్ని మళ్లీ సరిచేయాలి. అనుమానం ఉంటే బటన్ ముట్టుకోకండి. ఇంకా భయమైతే కారు పుస్తకంలో చూసి సీటు హీటరు ఫ్యూజు తీసేయండి. రీకాల్ ఏదైనా ఉందేమో కారు 17 అక్షరాల వి.ఐ.ఎన్. నంబరుతో వెతకొచ్చు. రీకాల్ ఉంటే మరమ్మతు ఉచితం.

అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఎ.కి ఫిర్యాదు పెట్టాను. సీటు వేడికి ఒక హద్దు పెట్టమని కాలిన గాయాల డాక్టర్లు, భద్రతా నిపుణులు 2011లోనే వాళ్లని అడిగారట. ఇన్నేళ్ల తర్వాత మా ఇంట్లో ఒకాయన తొడ కాలింది. బటన్ పక్కన "స్పర్శ తక్కువ ఉన్నవాళ్లు వాడకండి" అని చిన్న స్టిక్కరు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ మాట కారు పుస్తకంలో ఉంది, కాదనను. కానీ మా నాన్న కారెక్కేముందు ఐదొందల పేజీల పుస్తకం చదువుతారా?

గాయం మానడానికి ఐదు వారాలు పట్టింది. షుగరు కదా. మార్చిలో తెనాలి వెళ్లేముందు మళ్లీ ఒకసారి గుడికి వెళ్దామన్నారు నాన్న. బాగుచేసిన సీటే, బటన్ కూడా నొక్కలేదు. అయినా అమ్మ ముందు వంగి, సీటంతా అరచేత్తో తడిమి చూసి, ఆ తర్వాతే ఆయన్ని కూర్చోనిచ్చింది. "చల్లగా ఉందే" అని సణుగుతూ నాన్న శాలువా కప్పుకున్నారు.