తిరునాళ్లకి వెళ్లి మీటర్ విప్పాం

హైదరాబాద్ నుంచి కారంపూడి వెళ్లాలంటే నాది ఎప్పుడూ మిర్యాలగూడ రూటే. వాడపల్లి దగ్గర కృష్ణ మీద బ్రిడ్జి దాటగానే సీన్ మారిపోతుంది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, నాపరాళ్ల గుట్టలు, పత్తి చేలు, మిరప చేలు. దాచేపల్లిలో మెయిన్ రోడ్డు వదిలేసి లోపలికి తిరిగితే ఇక మా వైపే. కిటికీ సీటు దొరికితే ఫోన్ తీయబుద్ధి కాదు.

ఈసారి మాత్రం దారి పొడవునా ఫోన్‌లోనే ఉన్నాను. పాత కార్లు కొనే ఒకతనితో వాట్సాప్‌లో బేరం. నాన్నకి తెలియకుండా నాన్న కారు అమ్మడానికి.

ఆ కారు మారుతి 800. 1999 మోడల్, ఏపీ 07 నంబర్. నాన్న మిరపకాయలమ్మిన డబ్బుతో 2004లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 2014లో దాని 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ అయిపోయింది. అదే ఏడాది జనవరిలో కంపెనీ ఆ మోడల్ తయారీయే ఆపేసింది. అయినా నాన్న ఆపలేదు. ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నాడు.

మొన్న మే నెల దాకా నాకూ అభ్యంతరం లేదు. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు మీరూ వినే ఉంటారు. ఆ రెంటచింతల రోడ్డు మీదే, మిట్టమధ్యాహ్నం, బండి రేడియేటర్ హోస్ చిట్లింది. నీళ్లన్నీ పోయి ఇంజిన్ ఉడికిపోయింది. బానెట్ లోంచి ఆవిరి వచ్చేదాకా నాన్న ఆపలేదు. డెబ్బై దాటిన మనిషి గంటసేపు తుమ్మచెట్టు కింద నిలబడ్డాడు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి ఒకటే మాట, “ఆ బండన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి.”

“టెంపరేచర్ ముల్లు చూసుకోలేదా నాన్నా?” అనడిగాను.

“కనపడితే చూసుకోనా? ఆ అద్దమంతా మసకేగా.”

నేను నమ్మలేదు. మసక అద్దానిది కాదు, కళ్లదనుకున్నాను. అందుకే బేరం మొదలుపెట్టాను.

నేను దిగేసరికి ఊళ్లో వీరుల తిరునాళ్ల. ఏటా కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పల్నాటి యుద్ధాన్ని రోజుకో ఘట్టంగా తలుచుకుంటారన్నమాట. యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఐనా ఊరూరి నుంచి వీరాచారవంతులు కొణతాలు పట్టుకొని వస్తారు. అవి ఆనాటి వీరుల ఆయుధాలకి గుర్తు. వాటికి నాగులేరులో స్నానం చేయించి వీరుల గుడికి తెస్తారు. మందపోరు రోజు చాపకూడు. కులం అడక్కుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన బ్రహ్మనాయుడి పేరు మీద భోజనాలు. మీరు రావాలనుకుంటే ఆ రోజు రండి. జనంలో నలగక తప్పదు, కానీ ఆ అన్నం తినకుండా కారంపూడి చూశామంటే మేం ఒప్పుకోం.

రెండోరోజు పొద్దున్నే నాన్న కంటే ముందు లేచి కార్లో కూర్చున్నాను. మంచు పడి ఉంది. తాళం తిప్పి చూస్తే, నాకే ఏమీ కనపడలేదు. 27 ఏళ్ల వాణ్ణి, కళ్లజోడు కూడా లేదు. స్పీడోమీటర్‌లో 60 దగ్గర గాజు మీద పాలు ఒలికినట్టుంది. టెంపరేచర్ ముల్లు ఉందో లేదో ఫోన్ లైటు వేస్తేగానీ తెలియలేదు. లోపల సన్నగా తేమ కూడా పట్టింది.

కొంచెం సిగ్గనిపించింది.

సెంటర్లో మెకానిక్ అన్న షెడ్డు తిరునాళ్ల వల్ల ఖాళీగా ఉంది. ఆయన చూసి నవ్వాడు. “ఇందులో రెండు మసకలున్నయ్ తమ్ముడూ. బయటిది మీ నాన్న చేసింది, లోపలిది ఎండ చేసింది.”

ఆయన చెప్పింది నాకర్థమైనంత వరకు ఇదీ. మీటర్ అద్దం అంటాం గానీ అది అద్దం కాదు, ప్లాస్టిక్. దాని మీద సున్నపురాయి దుమ్ము పడితే నాన్న భుజం మీది తువ్వాలుతో బరబరా తుడిచేవాడు. పొడి గుడ్డ, గరుకు దుమ్ము. అంటే ఇరవై ఏళ్లుగా సన్నటి గరుకు కాగితంతో రుద్దినట్టే. లోపలి మసక సంగతి వేరు. ఎండకి డ్యాష్‌బోర్డు కాగితే దాని ప్లాస్టిక్ లోంచి సన్నటి ఆవిరి వచ్చి లోపలివైపు జిడ్డు పొరలా పేరుకుంటుంది. కొత్త కార్లలో ముందు అద్దానికి లోపల పట్టే జిడ్డు కూడా ఎక్కువగా ఇదే. దాని మీదకి తేమ చేరితే ఇక చెప్పక్కర్లేదు.

ముందు పది నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ తీసేశాడు. మీటర్ చుట్టూ ఉన్న కవర్ స్క్రూలు విప్పి, వెనక చెయ్యి పెట్టి స్పీడోమీటర్ కేబుల్ ఊడదీశాడు. ఈ బండ్లలో స్పీడ్ చెప్పేది సెన్సర్ కాదు, గేర్‌బాక్స్ నుంచి వచ్చే తీగ. అది తిరిగితే ముల్లు లేస్తుంది. రోజంతా కోడ్ రాసే నాకు అది చూస్తే భలే ముచ్చటేసింది. లాగ్స్ లేవు, అప్‌డేట్ లేదు.

ప్లాస్టిక్ విడిగా తీశాక నేను ఉత్సాహంగా తడిగుడ్డతో అంకెలున్న పలక తుడవబోయాను. గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. “అంకెలు లేచిపోతయ్!” ఆ పలక మీద మెత్తటి పొడి బ్రష్ తప్ప ఇంకేం తగలకూడదు. ముల్లును అసలే తాకకూడదు, కాస్త వంగినా ఇక ఎప్పుడూ తప్పే చెబుతుంది.

ప్లాస్టిక్‌ని మాత్రం గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల షాంపూతో కడిగాం. ఇంట్లో అద్దాలు తుడిచే స్ప్రే వద్దన్నాడు. అమ్మోనియా ఉన్నదైతే ప్లాస్టిక్ పాడవుతుంది. పెట్రోల్, థిన్నర్ అయితే బీటలే. ఆ మాట వినగానే పక్కనే టీ తాగుతున్న నాన్న అటు తిరిగాడు. ఒకసారి పెట్రోల్ గుడ్డ పెట్టాడట! ఓ మూల వెంట్రుకల్లాంటి బీటలు దాని గుర్తే. అవి ఏం చేసినా పోవు.

జిడ్డు పోయింది, గీతలు మిగిలాయి. 1500 నంబర్ వాటర్ పేపర్, తర్వాత 2000, ఆ తర్వాత 3000. ప్రతిసారీ నీళ్లతో, చెయ్యి తేలిగ్గా, నంబర్ మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చి. సగంలో చూస్తే ప్లాస్టిక్ మొత్తం తెల్లగా, ముందుకంటే ఘోరంగా తయారైంది.

“ఉన్నది కూడా పాయె కదరా,” అన్నాడు నాన్న.

ఆఖర్న పాలిష్ పెట్టి మెత్తటి గుడ్డతో రుద్దుతుంటే తెలుపు కరిగి ఆవలి వైపు కనపడసాగింది. (ఇంట్లో ట్రై చేస్తే టూత్‌పేస్ట్ చిన్న గీతలకే పనికొస్తుంది, లోతు గీతలకి కాదు.) విజయవాడ ఆటోనగర్లో పాత మీటరే దొరుకుతుంది కదా అన్నాను. “దొరుకుద్ది. దాంట్లో వేరే బండి తిరిగిన కిలోమీటర్లుంటయ్,” అన్నాడు అన్న. నాన్న తలూపాడు.

గంటన్నరలో మీటర్ మళ్లీ బిగించేశాం. హోస్ ఎప్పుడో మారింది. బండి స్టార్ట్ చేశాక ముల్లు సి దగ్గర్నుంచి మెల్లగా లేచి మధ్యకి వచ్చి ఆగింది. నాన్న అన్నీ చదివాడు. పెట్రోల్ పావు ట్యాంకు, టెంపరేచర్ సగం, తిరిగిన కిలోమీటర్లు కూడా. బస్సులో సాగిన ఆ బేరాన్ని అక్కడే నిలబడి డిలీట్ చేశాను.

సాయంత్రం వీరుల గుడి దాకా తనే నడిపాడు. చీకటి పడుతోంది. తిరిగొచ్చేటప్పుడు ఎదురొచ్చే లారీ లైట్లకి కళ్లు చికిలించాడు. ఊరి మొదట్లో బండి పక్కకి తీసి ఆపాడు.

“పెట్రోల్ ఎంతుంది నాన్నా?” అనడిగాను, మామూలుగా అడిగినట్టు.

ముందుకి వంగాడు. మీటర్ లైటు వెలుగుతోంది, ప్లాస్టిక్ మెరుస్తోంది. నాకు సీటు ఇవతల నుంచే కనపడుతోంది. చాలాసేపు చూశాడు.

“పొద్దున బాగానే కనపడింది,” అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. ఆయనే తలుపు తీసుకొని దిగి, చుట్టూ తిరిగి నావైపు వచ్చాడు. “జరుగు. నువ్వు నడుపు.”

తిరునాళ్ల అయ్యాక కంటి డాక్టర్‌కి చూపించుకోవడానికి నరసరావుపేట వెళ్లాం, అదే కార్లో. ఊళ్లో కోళ్లు ఇంకా కూస్తున్నాయి. నేను నడుపుతుంటే పక్క సీట్లోంచి నాన్న మాటిమాటికీ ఇటు వంగి టెంపరేచర్ ముల్లు చూస్తూనే ఉన్నాడు.