ఎగపోటు

బ్రహ్మగిరిలో గోదావరి పుట్టేది సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తున. 1,465 కిలోమీటర్ల నడకకు దాని చేతిలో ఉన్న పెట్టుబడి ఆ వెయ్యి మీటర్లే. అందులో దాదాపు సగం నాసిక్ చేరేలోపే ఖర్చయిపోతుంది. మిగిలిన దానితో దక్కన్ మీదుగా నిదానంగా బయల్దేరుతుంది. పైఠణ్, నాందేడ్, మంజీర కలిసే కందకుర్తి, బాసర, పోచంపాడు నేను బస్సు కిటికీలోంచి చూసినవే కాబట్టి వాటి జోలికి పోను.

కాళేశ్వరం దిగువన మేడిగడ్డ దగ్గర మాత్రం ఆగాలి. 2023 అక్టోబర్ 21న అక్కడి బరాజ్ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. నిలిచిన నీరు సాధువని అనుకుంటాం గానీ దాని పీడనం ఒక్క గోడ మీదే ఉండదు, కిందికీ ఉంటుంది. ఎగువన నీరు ఎక్కువ, దిగువన తక్కువ ఉంటే, ఆ తేడాకొద్దీ పునాది కింది ఇసుకలోంచి ఊట సాగుతుంది. ఊట బయటపడే చోట దాని ఉరవడి మితిమీరిందా, ఇసుక రేణువులు లేచి వెళ్లిపోతాయి, పైనున్న కాంక్రీటు కింద గుల్లవుతుంది. ఎ.ఎన్. ఖోస్లా, ఆయన సహచరులు దీనికి లెక్క కట్టి 1936లోనే పుస్తకం వేశారు. ఎనభై ఏళ్లు దాటాక అదే పాఠం ప్రజల డబ్బుతో మళ్లీ చదువుకున్నాం.

ఇంద్రావతి కలిసింది, ఏటూరునాగారం దాటింది, భద్రాద్రి రాముడికి దణ్ణం పెట్టుకున్నాం. ఇక కూనవరం.

నేను పెరిగింది ఇక్కడే. నాన్న బడిపంతులు. శబరి వచ్చి గోదావరిలో కలిసేది ఈ ఊళ్లోనే. చుక్క వాన లేని రోజుల్లో కూడా శబరి పెరిగేది. రేవు మెట్ల మీద కూర్చుని చూస్తుంటే ఎండు తాటిమట్ట ఒకటి దిగువకు రావాల్సింది పోయి, మెల్లగా తిరిగి తిరిగి చింతూరు వైపు, ఎగువకు పోయేది. పంటు నడిపే పెద్దాయన దాన్ని చూసి, “మాస్టారి అబ్బాయీ, గోదారి ఎగదన్నుతోంది. అమ్మగారిని సామాన్లు అటకెక్కించమను” అనేవాడు. రాత్రికల్లా మెట్లు మునిగేవి.

ఎగపోటు అంటే ఇదే. దీని మూలం దిగువనున్న పాపికొండల్లో ఉంది. పైనుంచి ఎంత నీరొస్తే అంతా ఆ కొండల ఇరుకులోంచే పోవాలి. దారి సన్నబడితే వడి పెరగాలి. వడి పెరగాలంటే వెనక మట్టం పెరగాలి. అందుకే నది కూనవరం దగ్గర ఎత్తుకెత్తు పేరుకుంటుంది, ఆ ఎత్తును దాటేదాకా శబరికి దారి దొరకదు. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు, ధవళేశ్వరంలో 17.75. గేజీల సున్నాలు వేరే అయినా సంగతి అర్థమవుతుంది: భద్రాచలంలో ఏరు ఒడ్ల మధ్య పైకి లేస్తుంది, కొండలు దాటాక ధవళేశ్వరంలో కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది.

ఇప్పుడు పాపికొండల దిగువన కడుతున్న పోలవరం డ్యామ్ గీత సంగతి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. తొలి విడత పునరావాసానికి 41.15 మీటర్ల కాంటూరు, అంటే ఆ ఎత్తున నేల మీద గీసిన గీత, తీసుకున్నారు. గీతకు కింద ఉన్నవాళ్లు ముందు, పైనున్నవాళ్లు తర్వాత. నీరు నిలిచి ఉంటేనే దాని పైమట్టం సమంగా ఉంటుంది. పారాలంటే వాలు కావాలి. వరదలో డ్యామ్ దగ్గర 41 ఉంటే కూనవరంలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఇంజినీర్లకు ఇది తెలియక కాదు, బ్యాక్‌వాటర్ లెక్కలు కట్టేది వాళ్లే. పరిహారం జాబితాకు మాత్రం కదలని నీటి గీతే చాలింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వరద వచ్చినప్పుడు, రెండో విడతలో పెట్టిన ఊళ్లూ మునిగాయి. జనం పిల్లాపాపలతో గుట్టలెక్కి టార్పాలిన్ల కింద పడుకున్నారు. తర్వాత మళ్లీ సర్వే చేస్తే మరికొన్ని ఊళ్లు తొలి జాబితాలోకి వచ్చాయి. మునగకముందు ఆ సర్వే చేయడానికి ఏం అడ్డొచ్చింది?

కింద పాపికొండల్లో లాంచీ ఎక్కితే ఇరుకులో పెరిగే వడి కంటికి కనబడుతుంది. మలుపులో బయటి ఒడ్డున నీరు దూసుకుపోతుంది, లోపలి ఒడ్డున వెనక్కి తిరుగుతుంది, రెంటి మధ్య సుడులు పడతాయి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి దాదాపు యాభైమంది పోయింది వరద గోదావరిలోనే. రెండు లాంచీలు పక్కపక్కన పోతుంటే సరంగులు దూరం దూరమని కేకలేస్తారు. మధ్య సందులో నీటి వడి పెరిగి పీడనం తగ్గుతుంది, లాంచీలు ఒకదాని మీదికొకటి వచ్చేస్తాయి. బెర్నౌలీ 1738లో అచ్చువేసిన సూత్రం వాళ్లకు చుక్కాని పట్టిన చేతిలో ఉంది.

పోలవరంలో నిలిచిన నీటి లెక్కకు వంక పెట్టలేం. స్పిల్‌వే గేటు ఒక్కోటీ 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. అంచుదాకా నీరుంటే మీద పడే తోపుడు 3,200 టన్నులు. వెనక జలాశయం కొండల నడుమ ఎంత దూరం సాగినా, పది గజాలకే ఆగినా అంతే, ఎందుకంటే పీడనానికి లోతే లెక్క. కదిలే నీటి దగ్గరే తప్పింది. పని జరిగేచోటికి నీరు రాకుండా వేసే తాత్కాలిక కట్ట, ఎగువ కాఫర్ డ్యామ్, పూర్తికాక, ఖాళీలు వదిలిన స్థితిలో వరద వచ్చింది. అంత వెడల్పు నది ఆ సందుల్లోంచి దూరి, అడుగున ఇసుకను కోసేసింది. పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి, పునాది కింద ఊటను ఆపే డయాఫ్రమ్ వాల్ దెబ్బతింది. తప్పు మీదంటే మీదని ప్రభుత్వాలు వాదించుకున్నాయి. పాపికొండల్లో నది ఏటా చేసి చూపించేదే, కొండలకు బదులు మనం మట్టికట్టలు పెట్టి చేయించాం. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలైంది. గోడకు రెండోసారి డబ్బు దొరికింది. చింతూరు, కూనవరం మండలాల్లో ఊళ్లు ఖాళీ చేయమనే ముందు ఆ డబ్బులో కొంత ఏటి వాలు కొలవడానికి ఖర్చుపెట్టమని అడుగుతున్నాను, కాంటూరు గీత ఎటూ ఉచితంగానే దొరుకుతుంది.