తొకిదొకి

మేము తెలుగు బోధించువారము. నలువదియేండ్లు దాటిన పిదప జపాను మాట యొకటి నేర్చికొనవలసివచ్చునని శిక్షణ కళాశాలలో నున్ననాడు ఎవ్వరైన ననియుండిన నవ్వియుందుము.

రావులపాలెము సంతలో అరటిగెలల వ్యాపారము చేయు నొక తల్లి, జపానులో పనిచేయుచున్న కుమారుడు పంపిన క్రొత్తసంవత్సరపు కార్డును మాకడకు తెచ్చెను. జనవరి 1వ తేదీకి అందునట్లు ఇట్టి కార్డులు పంపుకొనుట ఆ దేశాచారము. వాడు మా పూర్వవిద్యార్థి, చిన్ననాటనుండియు కొంటెవాడు. "అమ్మా, నువ్వు నాకు" అని తెలుగున మొదలిడి, నడుమ జపాను మాట గీచి, "గుర్తుకొస్తావు" అని ముగించెను.

మాకడ చిన్న జపాను వాచక మొకటి కలదు. అందు "తబితబి" యను క్రియావిశేషణమును చూచియుంటిమి. తరచుగా నని యర్థము. దాని తుదనున్న గుర్తే కార్డుపైని మాట తుదను నుండెను. ఇంకేమి, "తరచుగా" నని చెప్పివైచితిమి. ఆమె కన్నులు తుడుచుకొని పోయెను.

రాత్రి వాచకమును మరల విప్పితిమి. ఆ తుదిగుర్తునకు స్వంతధ్వని లేదు. ముందున్న యక్షరమును మరల చదువుమనుటయే దాని పని. మన కీర్తనల పుస్తకములలో చరణము చివర వేయు 2 అంకెవంటిది. ఇట్టి గుర్తులను జపానువారు నాట్యమాడు అక్షరములందురు. కావున చూడవలసినది తోకను గాదు, తలను. తలయందు ఎడమ సూర్యుడు, కుడిని బౌద్ధాలయము, వెరసి 10 గీతలు. అది "తొకి", అనగా కాలము. రెండుమార్లన్నచో "తొకిదొకి": అప్పుడప్పుడు.

మన ఆమ్రేడితమే గదా! రెండవ తొకారము దొకార మగుటయు మాకు క్రొత్తగాదు. తల్లియు తండ్రియు తల్లిదండ్రులైనప్పుడు మన తకారమును అట్లే మారును. ఈ మార్పు ఆ తుదిగుర్తులో కానరాదు. కనా లిపిలో వ్రాసినచో, తొకారమునకే కుడిభుజముపై రెండు చిన్నగీతలుంచి దొకారమును చేయుదురు. మరునాడు తొమ్మిదవ తరగతిలో దీనినే గంటసేపు చెప్పితిమి. ఆనాటి పాఠము వెనుకబడెను.

కాని ఆ తల్లికి చెప్పినది తప్పు. ఊరకుందమా యను తలపును కలుగకపోలేదు. పిల్లల తప్పులపై ఎర్రసిరా పోయు చేయి గదా, ఊరకుండనీయలేదు. సాయంకాలము సంతకు పోయి, ఆ మాటకు తరచుగా నని కాదు, అప్పుడప్పుడని అర్థమని చెప్పితిమి.

ఆమె చేతిలోని గెలను దింపి కొంతసే పేమియు ననలేదు. పిదప, "పోనిద్దురూ మాస్టారూ, పగలంతా ఈ గెలలూ లెక్కలూను. నాకు మాత్రం వాడు అప్పుడప్పుడేగా గుర్తొచ్చేది! రాత్రుళ్ల సంగతి వేరే అనుకోండి. ఆ మాట ఎలా రాస్తారో చూపించండి, జవాబులో రాస్తాను" అనెను.

లెక్కలపుస్తకపు అంచున పదిగీతలును మెల్లగా గీచి, ప్రక్కను తోకగుర్తు నుంచితిమి. ఆమె నాలుగైదుమార్లు దిద్దెను. తోక మాత్రమే కుదిరెను.